లోపల వదిలిన రెండంగుళాలు

ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉంది, అంతే. ఊళ్ళో మాత్రం ఆయన అంగుళం మాస్టారు. బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, టైలర్ మాస్టారు. బస్టాండు వెనక వీధిలో, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన కొట్టు. లోపల ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, గోడకి వేలాడే అరిగిపోయిన టేపు. మిషను మీద ఆయన, గుమ్మం పక్కన వెలుతురులో పీట వేసుకుని కాజాలు కుడుతూ ఆయన భార్య.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. పిల్లల బట్టలు ఏవి కుట్టినా ఆయన అంచు దగ్గర రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదిలేవాడు. బయటికి కనబడదు. ఏడాది తిరిగాక, పిల్ల పొడుగై స్కర్టు మోకాళ్ళ పైకి పోతే, తల్లి పట్టుకొస్తుంది. కుట్టు విప్పి ఒక అంగుళం కిందికి దించుతాడు. మరుసటేడు ఇంకో అంగుళం. ఒక్క స్కర్టు మూడేళ్ళు నడుస్తుంది. ఇదీ ఒక విద్యేనా అని మూతి విరిచేవాళ్ళు ఉంటారు. పన్నెండేళ్ళ పిల్లకి బట్టలు కొన్నవాళ్ళు మాత్రం ఆ మాట అనరు.

"పిల్లలు పెరుగుతారు, గుడ్డ పెరగదు. కత్తెర పడ్డాక ఏడ్చి లాభం లేదు" అనేవాడు మాస్టారు, సుద్దతో గీత గీస్తూ. ఆయనకి కుట్టుపని నేర్పింది ఆ మాటే, రాజకీయం నేర్పిందీ ఆ మాటే. ఉన్నదాన్ని తెగ్గోసే ముందు, అది అక్కడ ఎందుకుందో కనుక్కోవాలి. కొత్తది కుట్టేటప్పుడు, రేపటికి కాస్త గుడ్డ లోపల ఉంచాలి. ఈ రెండు ముక్కలూ తప్ప ఆయన దగ్గర వేరే సిద్ధాంతం లేదు. ఈ రెండింటితోనే ఊళ్ళో ఏ చదువుకున్నవాడినైనా చొక్కా కొలతలు తీసే లోపల ఓడించగలడు.

ఊరి వారపత్రిక ఎడిటరు చిన్నప్పుడు ఆయనతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. పదకొండేళ్ళ కిందట ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలిచ్చినంతసేపూ మాస్టారి వాదన విని, "ఇదంతా నోటితో వృథా చేస్తున్నావురా. రాసి పెట్టు, వేస్తాను" అన్నాడు. అప్పటినుంచి ప్రతి గురువారం మూడో పేజీ ఎడమవైపు 'లోపలి మడత' అనే శీర్షిక కింద మాస్టారు రాస్తున్నాడు. రాయడానికి ఒప్పుకునేముందు తనకు తానే రెండు నియమాలు పెట్టుకున్నాడు. తన కడుపు మాట్లాడే చోట తన కలం మాట్లాడకూడదు, అంటే తన లాభనష్టాలు ముడిపడిన సంగతి మీద రాయకూడదు. ఇక రెండోది, తప్పు రాస్తే అది ఎక్కడ అచ్చయిందో అక్కడే, అంతంత అక్షరాల్లోనే ఒప్పుకోవాలి. తప్పుని పేజీ నిండా వేసి, సవరణని చీమ తలకాయంత అక్షరాల్లో వేసే పత్రికలంటే ఆయనకు ఒళ్ళు మంట.

ఆ ఏడు ఎన్నికల్లో కొత్తవాళ్ళు గెలిచారు. గెలవడం అంటే అలా ఇలా కాదు, ఊడ్చేశారు. చదువుకున్నవాళ్ళు, వయసులో ఉన్నవాళ్ళు, నవ్వుముఖాలవాళ్ళు. తాము ఉదారవాదులమనీ, జనం మెడకు చుట్టుకున్న పాత పట్టింపులన్నీ సడలిస్తామనీ ముందే చెప్పారు, చెప్పినట్టే మొదలుపెట్టారు. వాళ్ళు గెలిచిన వారమే మాస్టారు రాశాడు: "నేను వీళ్ళకి ఓటు వెయ్యలేదు. అయినా వీళ్ళు నా ప్రభుత్వమే. కాబట్టి వీళ్ళని తిట్టే హక్కు నాకు పూర్తిగా ఉంది."

ఆ హక్కు తుప్పు పట్టకుండా చూసుకున్నాడు. కింది తరగతుల్లో పరీక్షలు తీసేస్తే, "టేపు దాచేస్తే నడుము సన్నబడుతుందా?" అని అడిగాడు. గ్రంథాలయంలో గడువు దాటిన పుస్తకాలకు జరిమానా ఎత్తేసి, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు తెచ్చివ్వొచ్చన్నారు. దాని మీద ఆయన రాసింది ఊళ్ళో చాలామంది కత్తిరించి దాచుకున్నారు. "జరిమానా అంటే డబ్బు కాదండీ. అదే పుస్తకం కోసం రోజూ వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళిపోయే ఇంకో మనిషి గొంతు అది. ఆ మనిషి మీకు కనబడడు. అందుకే అతని తరఫున మాట్లాడడానికి పెద్దవాళ్ళు ఒక గడువు పెట్టారు. మీరు ఒకరికి స్వేచ్ఛ ఇవ్వబోయి ఇంకొకరి నోరు నొక్కారు." నాలుగు నెలలకి గ్రంథాలయం వాళ్ళు గడువు మళ్ళీ పెట్టారు. ఆ వారం మాస్టారు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. నెగ్గినవాడు ఊరేగక్కర్లేదని ఆయన ఉద్దేశం.

అలాగని వాళ్ళు ముట్టుకున్నదల్లా మసి అనే రకమూ కాదు. ఫుట్‌పాత్‌ల అంచులు వాలుగా చెక్కించి చక్రాల కుర్చీలకు దారి చేసినప్పుడు, "ఈ పని మావాళ్ళు ఇరవై ఏళ్ళు అధికారంలో ఉండి చెయ్యలేదు. సిగ్గుగా ఉంది" అని రాశాడు. ఆయన పక్షంవాళ్ళే కొట్టు మీదకు దెబ్బలాటకు వచ్చారు. భార్య కాజా మీదనుంచి తల ఎత్తకుండా, "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ. ముందా చొక్కాకి కాలరు వెయ్యండి" అంది.

ఇంట్లో ప్రతిపక్షం కూడా ఉంది. ఒక్కగానొక్క కూతురు. అదే ఊళ్ళో హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళై రెండు వీధుల అవతల ఉంటుంది. కొత్తవాళ్ళకి ఓటెయ్యడమే కాదు, ఇంటింటికీ తిరిగి వేయించింది. తండ్రీకూతుళ్ళ వాదనలు కొట్టుకొచ్చేవాళ్ళకి కాలక్షేపం. "నిదానమే ప్రధానం" అని ఆయనంటే, "ఆలస్యం అమృతం విషం" అని ఆమె. ఆమె అటు వెళ్ళగానే, "పెద్దల సామెతతో పెద్దల్నే కొడుతుంది చూశావా" అని భార్యతో మురిసిపోయేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది యూనిఫాం సంగతి. వచ్చే విద్యాసంవత్సరం నుంచి బళ్ళలో యూనిఫాం రద్దు చేస్తామనీ, పిల్లలు ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చనీ ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు ఊరూరా సభలు పెట్టి జనం మాట వింటామంది. ఈ ఊరి సభకి ఇంకా నెల రోజులుంది. అందులో టీచర్ల తరఫున రద్దుని సమర్థిస్తూ మాట్లాడబోయేది మాస్టారి కూతురే.

ఎడిటరు ఆ సాయంత్రమే కొట్టు మెట్లెక్కాడు.

"ఇంకేం కావాలిరా నీకు? ఈ గురువారం దంచెయ్."

"రాయను."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నేను కుట్టేదాంట్లో సగం యూనిఫాంలేరా. మూడు బళ్ళవి. ఇప్పుడు నేను యూనిఫాం ఉండాలని రాస్తే, గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. అనాలి కూడా."

ఆ గురువారం మురుగుకాలవల మీద రాశాడు. తర్వాతి గురువారం వీధిదీపాల మీద. చదివినవాళ్ళు పెదవి విరిచారు. ఆయన తిన్నది ఒంటపట్టలేదు. మిషను తొక్కుతుంటే దారం ఊరికే తెగిపోయేది, తెగినప్పుడల్లా దారాన్ని తిట్టేవాడు. ఆయన నమ్మకమల్లా ఒక్కటే. బడి గేటు దగ్గర నిలబడి చూస్తే, ఏ పిల్ల ఏ ఇంటినుంచి వచ్చిందో తెలియకూడదు. ముప్ఫై ఏళ్ళు ఆయన కుట్టింది ఆ తెలియకపోవడాన్నే. కళ్ళముందే దాన్ని కత్తిరించేస్తుంటే నోరు మూసుకుంటే పిరికితనం, మాట్లాడితే స్వార్థం.

మూడో సోమవారం పొద్దున్నే మూడు బళ్ళ కొలతల పుస్తకాలూ చంకలో పెట్టుకుని వీధి దాటాడు. ఎదురు వరసలో నాలుగేళ్ళ కిందట కొట్టు పెట్టిన కుర్ర టైలరు అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"ఇదిగో అబ్బాయ్, కొలతలు. బళ్ళవాళ్ళకి చెప్పేశాను. ఇకనుంచి యూనిఫాంలు నువ్వు కుట్టు."

ఎదురుకొట్టు టైలరు గతుక్కుమన్నాడు. "నావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా మాస్టారూ?"

"నీవల్ల ఏం లేదు. ఒక్కటే షరతు. లోపల రెండంగుళాలు వదలాలి."

"అసలు యూనిఫాంలే రద్దయితే?"

"రద్దయితే నీకూ లేదు, నాకూ లేదు. కాకపోతే నీ అదృష్టం."

తిరిగొచ్చి, కొట్టు ముందున్న నల్లబోర్డు మీద సుద్దతో 'ఇక్కడ యూనిఫాంలు కుట్టబడవు' అని రాశాడు. భార్య ఆ బోర్డు చదివి సూది పక్కన పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో ఆమె పగటిపూట సూది పక్కన పెట్టడం మూడోసారి.

"మాట్లాడే కడుపు మీదొక్కటే అనుకున్నారా? నాకూ ఉందొకటి. ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

"అడిగితే వద్దంటావని."

"వద్దనేదాన్ని కాదు. అడగనందుకు ఇప్పుడంటున్నాను."

ఊరందరికీ జవాబు చెప్పే మనిషి భార్య ముందు నీళ్ళు నమిలాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆమె రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోనాడు సూది తీసుకుంది.

ఇక ఆ గురువారం 'లోపలి మడత' చూడాలి. పదకొండేళ్ళలో అంత బలంగా ఆయన ఎప్పుడూ రాయలేదు. "ముందుగా ఒక మాట. ఈ సోమవారం నుంచి నేను యూనిఫాంలు కుట్టడం మానేశాను. ఇప్పుడు నా కడుపు నిశ్శబ్దంగా ఉంది, కాబట్టి నేను మాట్లాడతాను" అని మొదలుపెట్టాడు. "ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చంటున్నారు. అలమార నిండా బట్టలున్న పిల్లకి నచ్చడం అనేది ఉంటుంది. రెండే జతలున్న పిల్లకి ఉతికిందీ ఉతకందీ ఉంటాయి. మీరు ఇచ్చే స్వేచ్ఛ మొదటి పిల్లకి. దాన్ని రోజూ చూస్తూ కూర్చోవలసింది రెండో పిల్ల. నేను ముప్ఫై ఏళ్ళు అందరికీ ఒకే గుడ్డ కుట్టాను. లేనివాళ్ళ గుడ్డ లోపల రెండంగుళాలు దాచాను. ఆ సంగతి నాకూ ఆ తల్లికీ తప్ప, బయటినుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?"

పత్రిక మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఎడిటరు మళ్ళీ అచ్చు వేయించాడు. మందుల షాపాయన తన అద్దాలపెట్టె మీద అంటించుకున్నాడు. కొత్తవాళ్ళ పక్షంవాళ్ళు కూడా వచ్చి, "ఒప్పుకోంగానీ, బాగా రాశారు మాస్టారూ" అన్నారు. ఆయన నడకే మారిపోయింది. సభలో తాను మాట్లాడబోయేది మనసులో కుట్టుకుంటూ, పిలిచినా పలకకుండా తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. చేతిలో కాగితపు సంచి ఉంది.

"బాగుంది నాన్నా. ఒక్క వాక్యం తప్ప."

"ఏది?"

"బయటినుంచి చూస్తే ఎవరికీ తెలియదన్నావు. అందరికీ తెలుసు."

సంచిలోనుంచి ఒక స్కర్టు తీసి కత్తిరింపు బల్ల మీద పరిచింది. ముదురు నీలం, ఇరవయ్యేళ్ళ నాటిది. తన కుట్టు ఆయన వెంటనే గుర్తుపట్టాడు. తన కూతురు ఎనిమిదో తరగతిలో వేసుకున్నది.

"మొన్న అమ్మనడిగి పెట్టెలోనుంచి తీసుకెళ్ళాను. అంచు చూడు."

చూశాడు. గుడ్డంతా వెలిసింది. అంచుకి రెండంగుళాల పైన ఒక తెల్లటి గీత, అంగుళం పైన ఇంకొకటి. మొదటి గీత కింద గుడ్డ కాస్త ముదురు, రెండో దాని కింద ఇంకా ముదురు. లోపల మడిచి ఉన్న గుడ్డకి ఎండ తగలదు, సబ్బు సరిగ్గా తగలదు, రంగు అలాగే ఉండిపోతుంది. మడత నలిగినచోట గీత పడుతుంది. కిందికి దించితే ఆ గీత బయటపడుతుంది. ఎంత ఉతికినా పోదు.

"ఒక గీతంటే రెండో ఏడు. రెండు గీతలంటే మూడో ఏడు. మా తరగతిలో పిల్లలందరికీ ఈ లెక్క వచ్చు. నా పేరు రెండుగీతలు. హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ నన్ను నా పేరుతో పిలవలేదు." ఆమె నవ్వబోయింది. "లెక్కలు అక్కడే నేర్చుకున్నాననుకో."

"నాకెప్పుడూ చెప్పలేదేం తల్లీ?"

"ఎలా చెప్పను? కొట్టుకెవరొచ్చినా ఆ రెండంగుళాల గురించే గొప్పగా చెప్పేవాడివి. నీ మొహం చూస్తే నోరొచ్చేది కాదు."

మాస్టారు భార్య వైపు తిరిగాడు. ఆమె కాజా మీదనుంచి తలెత్తలేదు.

"నాకు తెలుసు. బడికెళ్ళే ముందు నీలం పెన్సిలుతో ఆ గీతల మీద రుద్దేదాన్ని. మధ్యాహ్నానికి పోయేదట."

మాస్టారికి ఏడుపొచ్చింది. ఇద్దరి ముందూ ఏడ్చాడు, కళ్ళలో నలుసు పడిందని కూడా అనలేదు. కూతురు మెల్లగా చెప్పింది.

"శనివారం సభలో ఇది చూపించి మాట్లాడబోతున్నాను. నీకు ముందు చెప్పకుండా అక్కడ చెప్తే వెన్నుపోటు అవుతుంది. అందుకే వచ్చాను."

"చూపించు. చూపించాలి" అన్నాడు. ఆమె వెళ్తూ స్కర్టు బల్ల మీదే వదిలింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆయనకు ఆ రాత్రి గడవకముందే తెలిసిపోయింది. అది టైలర్లు మాత్రమే చేసే పొరపాటు. కుట్టేవాడు గుడ్డని తిరగేసి చూస్తాడు. ముప్ఫై ఏళ్ళు ఆ స్కర్టులన్నీ ఆయన ఒళ్ళో లోపలివైపు పైకుండి కూర్చున్నాయి. వాటిని వేసుకుని నడుస్తున్న పిల్లల మొహాల్లోకి ఆయన చూశాడే గానీ, అంచు చూడలేదు. సొంత కూతురి అంచు కూడా.

సోమవారం కొట్లో మిషను చప్పుడు లేదు. స్కర్టు గుమ్మం వెలుతురులో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. శనివారం సభ, దానికి ముందు గురువారం. ఆ వాక్యం తప్పని రాయక తప్పదు, అది నియమం. అంతవరకూ ఆయనకు సందేహం లేదు. కానీ ఆ వాక్యంతోపాటు ముప్ఫై ఏళ్ళ పని కూడా తప్పేనా? అదొక్కటే ఆయన్ని తినేసింది.

"గీత చెరపాలి" అన్నాడు పైకే.

"చెరగదు. రెండేళ్ళు రుద్దినదాన్ని నేను చెప్తున్నాను" అంది భార్య. "కప్పాల్సిందే."

"కప్పితే, కప్పినవాళ్ళెవరో తెలిసిపోతుందిగా. ఆ పిల్లకి గీత పోయి అతుకు వస్తుంది."

"అయితే అందరికీ కప్పండి."

మాస్టారు ఆమెను తేరిపార చూశాడు. తర్వాత సుద్ద తీసుకున్నాడు. మిషను మళ్ళీ మోగింది. మంగళవారం సాయంత్రానికి మూడు స్కర్టులు బల్ల మీద ఉన్నాయి.

చేసింది ఇదీ. స్కర్టు అంచు చుట్టూ బయటివైపు ఇంకో రంగు గుడ్డతో పట్టీ. ఆరో తరగతికి రెండంగుళాల పట్టీ, ఏడో తరగతికి మూడు, ఎనిమిదికి నాలుగు. పాత స్కర్టుని అంగుళం దించితే, అంగుళం పెద్ద పట్టీ వచ్చి ఆ గీతని కప్పేస్తుంది. ఆ రోజే కొత్త స్కర్టు కొనుక్కున్న పిల్లకీ తరగతిని బట్టి అదే పట్టీ. పట్టీ వెడల్పు పిల్ల ఏ తరగతో చెబుతుంది, ఏ ఇంటిదో చెప్పదు. ప్యాంట్ల అంచులకీ ఇదే పద్ధతి, కొలతలు చిన్నవి. పట్టీ పైఅంచు మూడేళ్ళూ ఉన్నచోటే ఉంటుంది, కిందివైపు మాత్రం పెరుగుతుంది. ఇది చూసుకున్నాక ఆయన ఆ వారంలో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు.

గురువారం మూడో పేజీ ఎడమవైపు, అంతే అక్షరాల్లో వచ్చింది. "పోయిన వారం నేనొక అబద్ధం రాశాను. తెలిసి రాయలేదు, తెలుసుకోకుండా రాశాను, అది ఇంకా చెడ్డది. బయటినుంచి చూస్తే ఎవరికీ తెలియదన్నాను. ఒక పిల్లకి తెలుసు, ఆమె తరగతి అంతటికీ తెలుసు, ఆమె తల్లికి తెలుసు. నాకొక్కడికే తెలియదు. ఆ గీతలు గీసింది నా చేతులు. దీనికి యూనిఫాం తీసెయ్యమంటున్నవాళ్ళ కోపం సరైనదే. మందు మాత్రం సరైంది కాదు. తప్పు గుడ్డది కాదు, టైలరుది. టైలరుని సరిదిద్దండి. శనివారం సభకి వస్తున్నాను, సరిదిద్దిన గుడ్డ తెస్తున్నాను." ఎడిటరు ప్రూఫు చదివి, "ఇంత ఒప్పుకోవాలా?" అన్నాడు. "నీ ప్యాంటుకి కూడా లోపల రెండంగుళాలున్నాయి, నోరు మూసుకుని వెయ్యి" అన్నాడు మాస్టారు.

సభ జరిగిన హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద ప్రభుత్వం తరఫున వచ్చిన అధికారిణి, చిన్న వయసు, ప్రతి మాటా రాసుకుంటోంది. కూతురు లేచి పాత స్కర్టు ఎత్తి పట్టుకుంది. తన పేరు రెండుగీతలని చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ నిందించలేదు. పిల్లల మీద మోపే ఏ నియమమైనా ఎక్కడో ఒకచోట లేనివాళ్ళనే పట్టిస్తుందనీ, నియమమే లేకపోతే పట్టించేదీ ఉండదనీ చెప్పి కూర్చుంది.

మాస్టారి వంతు వచ్చింది. మైకు పట్టుకోవడం చేతకాక పక్కకి పెట్టేశాడు.

"ఆ గీతలు గీసినవాణ్ణి నేనేనండి. ఆ అమ్మాయి నా కూతురు. ఆమె చెప్పిందంతా నిజం, చివరి మాట తప్ప." మూడు స్కర్టులూ బల్ల మీద పరిచాడు. "మూడూ ఎనిమిదో తరగతివే, ఒకే పట్టీ. వీటిలో ఒకటి కొత్తది, ఒకటి రెండేళ్ళది, ఒకటి మూడేళ్ళది. ఏది ఏదో చెప్పండి."

అధికారిణి వంగి చూసింది. పక్కనున్నవాళ్ళు చూశారు. ఒకాయన వెలిసిన రంగు చూసి చెప్పబోయాడు.

"వెలవడం ఎవరి గుడ్డయినా వెలుస్తుందండీ, నాలుగు ఉతుకులకి. గీత మాత్రం డబ్బు లేనివాళ్ళ గుడ్డకే పడుతుంది. అది కనబడుతోందా?"

కనబడలేదు. అధికారిణి తలెత్తింది. "ఇలా మారిస్తే అన్ని బళ్ళకీ కొత్తగా కుట్టాలి. అందులో మీకు లాభం ఉంది కదా?"

"నేను యూనిఫాంలు మానేసి ఇవాళ్టికి పన్నెండు రోజులు. లాభమంతా అదిగో, ఆ చివర నిలబడ్డ ఎదురుకొట్టు అబ్బాయిది. నాకంటే బాగా కుడతాడు, అది ఒప్పుకోవడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది."

హాలంతా నవ్వింది. ఎదురుకొట్టు టైలరు తల దించుకున్నాడు. మాస్టారు నవ్వలేదు. "మీరు కొత్తగా వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. ఏదైనా పీకేసే ముందు దాన్ని కుట్టినవాణ్ణి పిలిచి, ఇది ఎందుకు కుట్టావు, ఎక్కడ తప్పావు అని అడగండి. మేం చెప్తాం. మాకూ సిగ్గుంటుంది, దిద్దుకుంటాం" అని కూర్చున్నాడు.

నెలన్నరకి ఉత్తర్వు వచ్చింది. రద్దు లేదు. ఉంచాలా వద్దా అన్నది ఏ బడికాబడి తల్లిదండ్రులు ఓటేసి తేల్చుకోవాలి, ఉంచితే పట్టీ తప్పనిసరి. ఊళ్ళో మూడు బళ్ళలో రెండు ఉంచుకున్నాయి, ఒకటి వద్దనుకుంది. కూతురి బడి ఉంచుకుంది. "నేనింకా ఒప్పుకోలేదు నాన్నా" అంది ఆమె. "ఒప్పుకుంటే నాకు రాసే పనేముంది" అన్నాడు ఆయన. ఎదురుకొట్టుకి పని ముంచుకొచ్చింది. మాస్టారి భార్య పీట తీసుకుని వీధి దాటి, అక్కడ కూర్చుని యూనిఫాం చొక్కాలకి కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. "నియమాలు మీ కలానికి, నా సూదికి కాదు" అంది. ఆ వారం 'లోపలి మడత' చివర ఒక వాక్యం కలిసింది: "నా భార్య యూనిఫాం కాజాలు కుడుతోంది, కాబట్టి ఇక నేను ఈ విషయం మీద రాయను."

బళ్ళు తెరిచిన మొదటి పొద్దున మాస్టారు కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు గుంపులుగా పోతున్నారు. ఈసారి మొహాలు కాదు, అంచులు చూశాడు. రెండంగుళాల పట్టీలు, మూడంగుళాలవి, నాలుగువి. ఏ పిల్ల ఏ ఇంటిదో పట్టుకోవాలని కావాలనే ప్రయత్నించాడు. గుడ్డని చూసి కట్టుకున్నవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల మనిషి, ఎంత చూసినా ఒక్కదాన్నీ పట్టుకోలేకపోయాడు.

బడికి వెళ్తున్న కూతురు ఒక ఎనిమిదో తరగతి పిల్లని చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తెచ్చింది. సైకిలు చువ్వకి తగులుకుని పిల్ల స్కర్టు పట్టీ ఒకపక్క ఊడి వేలాడుతోంది. యూనిఫాం కుట్టను అని బోర్డు మీదున్నా, ఆయన సూదిలో దారం ఎక్కించుకుని ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊడిన పట్టీ సర్దడానికి పైకి ఎత్తాడు. కింద రెండు గీతలున్నాయి.

పట్టీ దించి, వేలితో సాపు చేసి, చిన్నచిన్న కుట్లతో గట్టిగా కుట్టేశాడు. పిల్ల థాంక్సండీ అంది. కూతురు ఆయన భుజం దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"ఎన్ని నాన్నా?"

మాస్టారు దారం పంటితో తెంపాడు.

"చెప్పనమ్మా" అన్నాడు. "ఇంకెవరికీ చెప్పను."

కూతురు ఆ పిల్ల పుస్తకాల సంచి తాను భుజాన వేసుకుని, ఆ పిల్లని పేరు పెట్టి పిలిచి, బడికి తీసుకెళ్ళింది.